సంపంగికి సంబంధం వెతుక్కుంటూ

సంపంగి పిలుపు గురువారం సాయంత్రం మొదలైంది. పిలుపు అంటే ఎదకొచ్చిన ఆడపిల్లి పెట్టే కేక. విననివాళ్ళకు దాన్ని వివరించడం కష్టం. పసిబిడ్డ ఏడుపుకీ, నూనె లేని తలుపు కిర్రుకీ నడుమ ఎక్కడో ఉంటుంది. మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంట్లో ఎవరినో కొడుతున్నామనుకొని తలుపు తట్టి అడిగిపోయారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి, సంపంగిని చూపించి పంపాను. నాకు మాత్రం ఆ కేక నాదస్వరంలా వినిపించింది. ఎందుకో చెప్తాను.

చిక్కబళ్ళాపురంలో నా పేరు ప్రసూనమ్మ అంటే ఎవరికీ తెలియదు. పిల్లుల ప్రసూనమ్మ అంటే ఆటోవాళ్ళు నేరుగా ఇంటి ముందు దింపుతారు. ముప్పై ఏళ్ళకు పైగా పెర్షియన్ పిల్లులను పెంచుతున్నాను. బ్యాంకు ఉద్యోగానికి విరమణ వచ్చింది గానీ ఈ ఉద్యోగానికి రాలేదు. పిల్లుల పోటీలకు జడ్జిగా కూడా వెళ్తుంటాను. మా నాన్న గుడిలో అర్చకులు. పిల్లి అంటే పాలు తాగే దొంగ అని ఆయన సిద్ధాంతం. నేను మొదటి పెర్షియన్ పిల్ల తులసిని తెచ్చిన రోజున ఆయన పాలగిన్నె తీసుకెళ్ళి దేవుడి గదిలో దాచారు. నెల తిరిగేసరికి ఆ గిన్నెలోంచే తులసికి పోస్తూ దొరికిపోయారు.

ఆ తులసి వంశానికి రాగిరంగు కన్నులు. కొత్తగా తోమిన రాగిచెంబు మీద ఎండ పడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఆ కన్నులున్న ఆఖరి ఆడపిల్లి మా సంపంగి. దానికి ఆరేళ్ళు నిండాయి. ఇంకొక్క కాన్పుకే దాని ఒళ్ళు తట్టుకుంటుందనీ, అదీ ఇప్పుడొచ్చే ఎదలోనే కావాలనీ, ఆ తర్వాత ఆపరేషన్ చేసేద్దామనీ మా పశువుల డాక్టరు తేల్చి చెప్పారు. వంశంలోని మగపిల్లులన్నీ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి, ఎప్పుడో ఆపరేషన్లు చేయించుకొని, సోఫాల మీద సన్యాసుల్లా కూర్చున్నాయి. కాబట్టి ఈ నాలుగైదు రోజుల్లో సంపంగికి సంబంధం కుదరాలి, లేకపోతే ఆ రాగికన్నులు ఇక ఎక్కడా ఉండవు. అందుకే ఆ కేక నాకు నాదస్వరం.

పిల్లుల లోకంలో ఆచారం తిరగబడి ఉంటుంది. పెళ్ళికూతురే వరుడి ఇంటికి వెళ్ళాలి. మగపిల్లిని కొత్త ఇంటికి తీసుకెళ్తే పెళ్ళి సంగతి మరిచిపోయి మంచం కింద దూరి కూర్చుంటాడు. తన ఇంట్లో అయితే వాడే దొర. బాగేపల్లిలో రామకృష్ణప్ప మేష్టరుగారి గుండప్ప అనే పిల్లితో మాట ముందే అయిపోయింది. ఆదివారం చింతామణిలో పిల్లుల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. శుక్రవారం బాగేపల్లిలో పెళ్ళి, ఆదివారం చింతామణిలో తీర్పు, సోమవారానికల్లా ఇల్లు. ఇంత చక్కగా కుదిరిన ప్రయాణం నా జన్మలో లేదని గురువారం రాత్రి ఎగిరి గంతేశాను.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల బస్సుకు మా ఆయన సాగనంపడానికి వచ్చారు. ఆయనకు పిల్లి బొచ్చు పడదు. పెళ్ళైన నాటి నుంచి ఆయన తుమ్ములూ నా పిల్లులూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. ముక్కుకు తువాలు కట్టుకొని, సంపంగి బుట్టను ఒళ్ళు తగలకుండా చెయ్యి చాచి పట్టుకొని, వీధిలో అందరూ చూస్తుండగా బస్టాండుదాకా నడిచారు. "కుదిరితే ఫోన్ చెయ్యి, కుదరకపోయినా చెయ్యి" అన్నారు. ఆ రెండు మాటల మధ్యలో నాలుగు తుమ్ములు.

బస్సు ఎక్కే ఆడవాళ్ళు ఎవరైనా పిల్లితో ఈ దారిన వెళ్తే ఒక సంగతి తెలుసుకోండి. ఆధార్ కార్డు చూపిస్తే మనకు సున్నా టికెట్టు, అంటే ప్రయాణం ఉచితం. పిల్లికి మాత్రం ఆ కండక్టరు అర టికెట్టు కొట్టాడు. ఇది కూడా ఆడపిల్లే కదప్పా అని అడిగాను. దానికి ఆధార్ ఉంటే చూపించమన్నాడు. వెనక సీటులోవాళ్ళు నవ్వారు. నేను డబ్బులిచ్చి నోరు మూసుకున్నాను. సంపంగి మూసుకోలేదు. ఆ కేకకు డ్రైవరు ఒకసారి బస్సు ఆపి, దిగి ఇంజను చూసి వచ్చాడు.

నా పక్క వరసలో పళ్ళూ పూలూ పెట్టుకొని ఒక పెద్దాయన కూర్చున్నాడు. కొడుక్కి పిల్లను చూడడానికి పేరేసంద్ర వెళ్తున్నాడట. బుట్టలోంచి సంపంగి ముఖం కనబడగానే ఆయన ముఖం మాడిపోయింది. శుభానికి పోతుంటే పిల్లి కనబడిందే అని గొణిగాడు. ఎదురొస్తే కదా అపశకునం, ఇది మనతో పాటే, మన దిక్కుకే వస్తోంది, పైగా ఇదీ సంబంధానికే పోతోంది అని చెప్పాను.

"అట్లయితే ఇద్దరికీ కుదరనీమ్మా" అని, పేరేసంద్రలో దిగేటప్పుడు ఒక అరటిపండు నా చేతిలో పెట్టిపోయాడు.

బాగేపల్లిలో మేష్టరుగారు బస్టాండుకే వచ్చారు. ఆయన కన్నడ ఉపాధ్యాయుడిగా చేసి విరమించినవారు. భార్య సావిత్రమ్మ. ఇంటి ముందు ముగ్గు, గుమ్మానికి మామిడాకులు. లోపల ఒబ్బట్ల వాసన. ఇంట్లో ఇంకేమైనా శుభకార్యమా అని అడిగాను. "మీ సంపంగిదే కదమ్మా" అంది సావిత్రమ్మ, సిగ్గుపడుతూ. అక్కడే నాకు అనుమానం రావలసింది. ఒబ్బట్లు చూసిన సంతోషంలో రాలేదు.

గుండప్పను తీసుకొచ్చారు. చూసి నా గుండె జారిపోయింది. వాడికి శీకాయతో తలంటి పోశారు. సాంబ్రాణి పొగ పట్టారు. నుదుటికి గంధం. మెడలో మూర మల్లెపూలు. పెళ్ళికొడుకు కదా అని సావిత్రమ్మ పొద్దున్నే లేచి అంతా తన చేతులతో చేసింది. పాపం, ఆమె ప్రేమకు వంక పెట్టడానికి లేదు. కానీ ఆడపిల్లి మగపిల్లిని కళ్ళతో చూడదు, ముక్కుతో చూస్తుంది. గుండప్ప దగ్గర గుండప్ప వాసన తప్ప అన్ని వాసనలూ ఉన్నాయి.

సంపంగి బుట్టలోంచి దిగింది. వాడి దగ్గరికి వెళ్ళి ముక్కు చాచి వాసన చూసింది. ఎవరు నువ్వు, పూల అంగడివా అన్నట్లు ఒక్క క్షణం ఆగి, వాడి ముక్కు మీద లాగి ఒక్కటిచ్చింది. గుండప్ప మల్లెపూలతో సహా గోడ పట్టుకొని అటక ఎక్కేశాడు. మేష్టరుగారు నిచ్చెన వేశారు. నేను కింద నుంచి బుజ్జగించాను. సావిత్రమ్మ ఒబ్బట్టు ముక్క చూపించింది. వాడు చింతపండు కుండ వెనక నుంచి ఒక కన్ను మాత్రం చూపించాడు.

"నలుగు పెట్టకుండా పెండ్లి యెట్లా చేసేదమ్మా అనుకుంటి" అని సావిత్రమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆమెను ఓదార్చి, రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు తిని, ఒబ్బట్లు కూడా తిని, మర్నాటిదాకా చూద్దామని అక్కడే ఉన్నాను. మర్నాడు పొద్దున గుండప్ప ధైర్యం చేసి దిగాడు. ముక్కు మీద రెండో దెబ్బ కూడా తిన్నాడు. ఇక వాడు మళ్ళీ దిగలేదు. మధ్యాహ్నం భోజనం చేసి నేను బయలుదేరాను. మేష్టరుగారు సంపంగి బుట్ట మోశారు, సావిత్రమ్మ పన్నెండు ఒబ్బట్లు కట్టిచ్చింది. అంత బెంగలోనూ, బస్సు కదలగానే మల్లెదండతో అటకెక్కిన గుండప్ప గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్న ఆమె కొంచెం దూరం జరిగింది.

బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణి దారి చూడడానికి బాగుంటుంది. బండల గుట్టలు, ఎర్రనేల, కర్రలకు కట్టిన టమాటా తోటలు. కిటికీ పక్కన కూర్చోండి, అయితే తలకు గుడ్డ కట్టుకోండి, దుమ్ము. చేలూరులో ఒక తల్లి పసిబిడ్డతో ఎక్కింది. సంపంగి కేక పెడితే ఆ బిడ్డ బదులు పలికేది, బిడ్డ ఆపితే సంపంగి అందుకునేది. చింతామణి వచ్చేదాకా ఇద్దరూ ఓడలేదు. నేను మాత్రం బుట్టను ఒడిలో పెట్టుకొని, దాని తల చీర కుచ్చెళ్ళకు ఆనించి, ఇక రెండు రోజులే మిగిలాయమ్మా అని దానితో చెప్పుకుంటూ వచ్చాను. నిజంగా భయమేసింది.

చింతామణిలో బస్టాండుకు దగ్గరే లాడ్జి. మేనేజరు సంపంగి కేక ఒకటి విని, మాకు మేడమీద విడిగా ఉన్న గది ఇచ్చాడు. నీళ్ళు పొద్దున ఏడుదాకానే వేడిగా వస్తాయి. కింద హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీ కారం.

ఆదివారం పోటీ ఒక కల్యాణ మంటపంలో. ముందురోజు పెళ్ళి తోరణం అలాగే ఉంది. బోర్డు మీద వధూవరుల పేర్లు ఉన్నాయి, దాని కిందనుంచి జనం పిల్లి బుట్టలతో లోపలికి పోతున్నారు. పెళ్ళివారి బంధువులు కొందరు పాత్రలు సర్దుకుంటూ ఇంకా అక్కడే తిరుగుతున్నారు. పోటీ పెట్టినది మంజునాథ్ అనే మందుల అంగడి యజమాని. అతను నన్ను వేదిక మీద బల్ల ముందు నిలబెట్టి మైకు ఇచ్చాడు. పద్ధతి ఏమిటంటే, పిల్లి ఎవరిదో జడ్జికి తెలియకూడదు. నెంబరు మాత్రమే పిలుస్తారు, సహాయకులు పిల్లిని తెచ్చి బల్ల మీద పెడతారు. ఫలితాలు చెప్పేదాకా పిల్లుల యజమానులతో జడ్జి మాట్లాడకూడదు. సంపంగి లాడ్జి గదిలో ఉంది. ఎదలో ఉన్న పిల్లిని పోటీకి తీసుకురాకూడదన్నది పిల్లులు పెంచే మా వాళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మొదటి మగపిల్లిని బల్ల మీద పెట్టారు. అది నిలబడలేదు. నా కొంగులో తల దూర్చి, కళ్ళు మూసుకొని, గురగురమంది. ఎంత మంచి స్వభావం అని మురిసిపోయాను. రెండోది నా కుచ్చెళ్ళు పట్టుకొని కిందికి దిగి, పాదాల చుట్టూ పొర్లింది. మూడోది వెనక్కి తిరిగి, తోక వణికించి, నా నడుము మీదుగా పిచికారీ కొట్టింది. అప్పుడు వెలిగింది నాకు. రెండు రోజులుగా సంపంగి ముఖం తుడుచుకున్న చీర, ఒడిలో పొర్లిన చీర, నేను పోటీకి కట్టుకొచ్చింది అదే చీర. సంపంగిని గదిలో పెట్టి తాళం వేశాను, దాని వాసనను ఒంటికి చుట్టుకొని వచ్చాను. బోనుల్లోని మగపిల్లులన్నీ ఒకేసారి అందుకున్నాయి. జనం పగలబడి నవ్వుతున్నారు. ముప్పై ఏళ్ళ అనుభవమున్న జడ్జి కాలుగాలిన పిల్లిలా వేదిక దిగి పరుగెత్తింది.

పెళ్ళికూతురు గదిలోకి దూరాను. అక్కడ నలభై ఏళ్ళ ఆమె ఒకతె అప్పుడే పట్టుచీర కట్టుకొని, విడిచిన నూలుచీర మడతపెడుతోంది. గట్టి మనిషి, కొప్పులో కనకాంబరాలు. పట్టుచీర చూసి పెళ్ళివారి బంధువు అనుకున్నాను. నా చీర పాడైందనీ, సాయంత్రందాకా మీ నూలుచీర ఇవ్వగలరా అనీ అడిగాను. ఎవరు, ఏమిటి అని ఒక్కమాట అడగలేదు.

"కట్టుకోమ్మా, దానికేముండాది. నేను మాపటిదాకా ఈడనే ఉంటా" అని, కుచ్చెళ్ళు కూడా తనే పెట్టింది.

మళ్ళీ వేదిక ఎక్కాను. మగపిల్లులు కొంచెం ముక్కు చిట్లించాయి గానీ బుద్ధిగా నిలబడ్డాయి. తల ఆకారం, చెవుల మధ్య దూరం, వెలుతురులో కన్నుల రంగు, చేతికి తగిలే ఎముక, తోక పొడవు, బొచ్చు మందం. నాకు ఈ పనిలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు. పదకొండో నెంబరును తెచ్చారు. మీగడరంగు మగపిల్లి. వెడల్పు తల, పొట్టి లావు కాళ్ళు, దిట్టమైన ఎముక, బూరుగు దూదిలాంటి బొచ్చు. బల్ల మీదికి రాగానే వచ్చి నా నడుముకు ఆనుకొని, సొంత ఇంట్లో పడుకున్నట్లు పడుకున్నాడు. స్వభావానికి పూర్తి మార్కులు వేశాను. కన్నులు చూశాను. పాలిపోయిన పసుపు. అప్పటికి జనం నవ్వుకు అలవాటు పడ్డారు, నాకూ నోరు ఊరుకోలేదు.

"ఒళ్ళు మొదటి బహుమతిదే. కన్నులు మాత్రం నీళ్ళు కలిపిన టీ" అన్నాను మైకులో. మంటపం అంతా నవ్వింది. పదకొండుకు మూడో బహుమతి ఇచ్చాను. న్యాయంగా అంతే.

బహుమతులిచ్చే వేళ పదకొండు యజమాని రావాలి, రత్నమ్మ, బట్లహళ్ళి అని పిలిచారు. మెట్లెక్కి వచ్చింది పట్టుచీర ఆమె. మొదటి కప్పు అందుకోవడానికే ఆ పట్టుచీర. ఆమె చీర కట్టుకొని నిలబడి, ఆమె పిల్లికి మూడో బహుమతి రిబ్బను ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమె రిబ్బను చూసింది, తర్వాత నా ఒంటి మీది తన చీర చూసింది.

"చీర మెల్లగా పంపియ్యండమ్మా" అని, పిల్లిని చంకన పెట్టుకొని దిగిపోయింది. అంతకంటే రెండు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

లాడ్జికి వచ్చి తలుపు తీశాను. సంపంగి కేక పెడుతూ వచ్చింది, కాలి దగ్గర ఆగింది, చీర వాసన చూసింది. కేక ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నిశ్శబ్దం. ఆ తర్వాత అది చేసిన అల్లరి నేనెలా చెప్పను. చెంపలు రుద్దింది, కుచ్చెళ్ళు కరిచిపట్టుకుంది, వెల్లకిలా పడి దొర్లింది, చిన్నగా, గొంతు మార్చి, ఎవరినో పలకరించినట్లు పిలిచింది. చీర విడిచి మంచం మీద వేస్తే దాని మధ్యలో చుట్టుకొని పడుకొని నాకేసి చూసింది. ఆ మీగడరంగు మగపిల్లి నా నడుముకు ఎందుకు ఆనుకున్నాడో అప్పుడు తెలిసింది. బట్లహళ్ళి నుంచి బస్సులో వాడు ఆ చీర ఒడిలోనే పడుకొని వచ్చి ఉంటాడు. వాడి ఇల్లు ఆ చీరే. స్వభావమంటూ నేను వేసిన మార్కులు చీరకు పడ్డాయి.

మంచం అంచున కూర్చొని నవ్వుతూనే లెక్కవేశాను. సంపంగికి ఎముక పలచన, వాడికి దిట్టం. వాడికి కన్నులు పాలిపోయాయి, దీనికి రాగి. ఇంతకంటే సరిపోయిన జోడీ జిల్లాలో లేదు. పెళ్ళికూతురు ఒప్పుకుంది. ఇక మిగిలింది, నేను మైకులో నవ్వులపాలు చేసిన ఇంటికే సంబంధం అడగడానికి వెళ్ళడం.

మంజునాథ్‌ను అడిగి గుర్తులు తెలుసుకొని, సాయంత్రం నాలుగున్నర బట్లహళ్ళి బస్సు ఎక్కాను. వేరే చీర కట్టుకొని, రత్నమ్మ చీరలో చుట్టిన సంపంగిని బుట్టలో పెట్టుకొని. ఆ బస్సులో సంపంగి నోరెత్తలేదు. నా గుండె చప్పుడే నాకు పెద్దగా వినిపించింది. పక్కన కూర్చున్న ఒక రైతు, పట్టుపురుగుల రత్నమ్మ ఇల్లేనా, ఆమె పొద్దున కప్పు తెస్తానని ఊరంతా చెప్పి పోయింది, వచ్చిందేమో అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

రత్నమ్మవాళ్ళది పెద్ద సేద్యం. ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు, వాకిలి నిండా టమాటా పెట్టెలు. ఆమె అరుగు మీద కూర్చొని ఉంది, ఒళ్ళో మీగడరంగు పిల్లి. వాడి పేరు రాయుడట. షెడ్డులో ఎలకలను పడతాడని తెచ్చుకున్నారు, ఎలక ఎదురైతే పక్కకు జరిగి దావ ఇస్తాడు, అయినా బిడ్డలా పెంచుకున్నారు అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెప్పారు. వాళ్ళు నలుగురైదుగురు అప్పటికే ఓదార్చడానికి చేరి ఉన్నారు.

రత్నమ్మ నీళ్ళిచ్చింది. కూర్చోమంది. నేను చీర సంగతి, గుండప్ప సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, అంతా ఒకే గుక్కలో చెప్పి, రాయుడిని సంపంగికి అడిగాను.

"మూడో బహుమతి పిల్లికి మీ బిడ్డనిస్తారామ్మా? నీళ్ళు కలిపిన టీ కన్నులోడికి?" అంది రత్నమ్మ.

తప్పు మాటలో ఉంది, తీర్పులో లేదు అన్నాను. ఆ మాట అని ఉండకూడదు, జనం నవ్వుతుంటే నోరు జారింది అన్నాను. తీర్పు మాత్రం మార్చలేనని కూడా చెప్పాను. ఆమె కాసేపు రాయుడి వీపు నిమిరింది.

"సరే. నావాడి లోపం ఇన్నూరు మంది ముందర మైకులో చెప్పినారు. మీ బిడ్డది ఈడ చెప్పండి. దాన్ని ఆ పెట్టెమీద నిలబెట్టి, వాణ్ణి చూసినట్లే చూసి చెప్పండి."

నేను వందల పిల్లులకు తీర్పు చెప్పాను గానీ నా పిల్లిని ఎప్పుడూ బల్ల మీద పెట్టి చూడలేదు. జడ్జి తన పిల్లిని తాను చూడకూడదన్న నియమం వెనక ఇన్నేళ్ళు హాయిగా దాక్కున్నాను. బోర్లించిన టమాటా పెట్టె మీద సంపంగిని నిలబెట్టాను. చేతులు పెట్టాను. చేతులు అబద్ధం చెప్పవు. ఎముక పలచన అని చెప్పాను. తోక ఉండవలసినదానికంటే పొడుగు అన్నాను. కుడిచెవి కొంచెం కిందికి దిగి ఉంది, దాన్ని ఫోటోల్లో కనబడకుండా ఎప్పుడూ ఎడమపక్క నుంచే తీస్తాను అని కూడా చెప్పేశాను. చివరికి కన్నుల దగ్గరికి వచ్చాను. సాయంత్రపు ఎండలో అవి వెలుగుతున్నాయి. "కన్నులు మాత్రం మొదటి బహుమతివి" అన్నాను.

"అంతా కలిపి యెన్నోదిమ్మా?" అంది రత్నమ్మ.

నేను సంపంగిని చూశాను. ఆరేళ్ళు నా దిండు మీద పడుకున్న పిల్లి.

"మూడోది" అన్నాను, కళ్ళనీళ్ళతో.

రత్నమ్మ ముందు నవ్వింది, తర్వాత అరుగంతా నవ్వింది, చివరికి నేనూ. "ఇద్దరూ మూడోవాళ్ళే. సంబంధం సరిపాయ" అని లేచి, రాయుడి గది తలుపు తెరిచింది. ఒక షరతు పెట్టింది. మా వాళ్ళలో మగపిల్లి ఇంటివారికి పుట్టినవాటిలో ఒక పిల్లను ఎంచుకునే హక్కు ఉంటుంది. ఆ ఎంపిక తనదేననీ, నేను పక్కన నిలబడి సలహా ఇవ్వకూడదనీ అంది. ఒప్పుకున్నాను. రాయుడికి స్నానం చేయిస్తారా అని మాత్రం భయంగా అడిగాను. ఉగాదికి ముందెప్పుడో తప్ప వాడికి మళ్ళీ స్నానమే లేదట. ఎంత సంతోషమో నాకు.

మిగతాది చెప్పుకోవలసింది కాదు, శుభంగా జరిగింది. మంగళవారందాకా అక్కడే ఉన్నాను. రత్నమ్మ చేతి ఉలవచారు, సంగటి తిన్నాను. సావిత్రమ్మ ఒబ్బట్లు అందరం పంచుకున్నాం. ఇద్దరం పట్టుపురుగులకు ఆకు వేస్తూ పిల్లుల సంగతులు మాట్లాడుకున్నాం. రాయుడూ సంపంగీ ఆ నూలుచీర మీదే నిద్రపోయారు. బయలుదేరేటప్పుడు రత్నమ్మ దాన్ని మడిచి బుట్టలో పెట్టింది. "ఇంగ అది మీ బిడ్డదేమ్మా" అంది. ఆమెను కౌగిలించుకున్నాను.

మంగళవారం చింతామణికి వచ్చి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కాను. ఏ బస్సుకు వస్తున్నానో మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను, కుదిరిందో లేదో మాత్రం ఎదురుగానే చెప్తానన్నాను. శిడ్లఘట్టలో బస్సు పావుగంట ఆగుతుంది. టీ బాగుంటుంది, నీళ్ళు కలపరు. సంపంగి బుట్టలో గాఢనిద్ర. కండక్టరు టికెట్టు కొట్టి, పిల్లి ఇంత నెమ్మదిగా ఉందే, చాలా సాధువు అన్నాడు. అవునప్పా అన్నాను. సగం రాజ్యం గెలిచినంత సంతోషంగా ఉంది నాకు. పోటీలో లోపాలు వెతుకుతాం, అది న్యాయమే. జత కలిపేటప్పుడు మాత్రం ఒకరి లోపానికి ఇంకొకరి దగ్గర ఏముందో చూడాలి. ఈ రెండో పని నాకు వచ్చనుకున్నాను గానీ, టమాటా పెట్టె ముందు నిలబడ్డాకే వచ్చింది.

చిక్కబళ్ళాపురం బస్టాండులో బస్సు ఆగకముందే ఒక తుమ్ము వినబడింది. మా ఆయన. తువాలు మరిచిపోయి వచ్చారు. ముక్కు ఎర్రగా, కళ్ళ నిండా నీళ్ళు.

"కుదిరిందా?" అన్నారు.

కుదిరిందన్నాను. ఆయన బుట్ట అందుకున్నారు. ఈసారి చెయ్యి చాచి పట్టుకోలేదు, గుండెకు ఆనించుకున్నారు. నాలుగడుగులు నడిచాక ఆగారు.

"పుట్టేవాటిలో ఒకదాన్ని మనమే ఉంచుకుందాం. రాగికన్నులదాన్ని. అన్నీ ఇచ్చెయ్యొద్దు" అన్నారు, అని ఆటోస్టాండు అదిరేలా తుమ్మారు.

ఈ ప్రయాణంలో నేను ఇద్దరికి మూడో బహుమతి ఇచ్చాను. మొదటి బహుమతి మాత్రం ఆ తుమ్ముకే.